కొండమేకల రాళ్ళ మీద ఏడు గుడారాలు

కెర్మే-సూ లోయ, వేసవి మేత
1974 మే 29

తమ్ముడు సుయున్‌బెక్‌కి,

ఈసారి గడ్డి ముందే లేచింది. గొర్రెలు బాగున్నాయి, నా మోకాలు మాత్రం బాగాలేదు. నీ భార్యకి దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. కనుమ అవతల తిరిగే బస్సు డ్రైవరు చేతికిచ్చి ఒక సంచీ కురుత్ పంపాను. మన చేత్తో ఎండబెట్టిన పెరుగుండలు, పట్నంలో దొరికే సుద్దముక్కలు కావు. వేడినీళ్ళలో కరిగించి తాగించు.

ఇక అసలు సంగతి. నిన్న నది పక్క మెట్ట మీద ముగ్గురు మనుషులు దిగారు. మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని చూస్తున్నారు. కొండమేకల బొమ్మలు చెక్కి ఉన్న మన పాత రాళ్ళ మీద సున్నంతో అంకెలు వేస్తున్నారు. సూర్యుడి తలకాయ మనిషి బొమ్మ ఉన్న రాయి మీద, అదే, అమ్మ ప్రతి వసంతంలోనూ వెన్న రాసేదే, దాని నడినెత్తిన పదిహేడు అని వేశారు. నేను కొంగుతో తుడిచేశాను. వాళ్ళలో కుర్రవాడొకడు పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మా, అమ్మా, చెరపకండి! మళ్ళీ మొదట్నుంచి కొలవాలి.”

“రాళ్ళకు జనాభా లెక్క రాస్తున్నారా ఏమిటి?”

“రోడ్డుకి కంకర కావాలి. ఈ నల్లరాయి ఇనుము లాంటిది. ఆగస్టులో పేలుస్తాం.”

“ఎవర్ని అడిగి?”

“రాళ్ళకి ఎవర్ని అడగాలి?” అని నవ్వాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే తెలియక అడిగాడు. పేరు గెన్నాది అట.

నాన్న యుద్ధంలో పోయాడని కాగితం వచ్చిన రోజున అమ్మ ఎవరి గుడారంలోకీ వెళ్ళలేదు. ఆ పదిహేడో నంబరు రాతికే వీపు ఆనించి పొద్దుగూకేదాకా కూర్చుంది. నువ్వు అప్పుడు తొమ్మిదేళ్ళవాడివి. గుర్తుండే ఉంటుంది.

నువ్వు రాజధాని ఫ్రూంజేలో రోడ్ల ఆఫీసు ఇంజనీరువి. ఇది మీ వాళ్ళ పనేనా కనుక్కో. ఎవరో చూసుకోకుండా గీత గీసుంటారు. నువ్వొక మాట చెబితే సర్దుకుంటుంది.

నీ అక్క
జూరకన్


ఫ్రూంజే
జూన్ 12

అక్కా,

కురుత్ అందింది. దగ్గు తగ్గింది. పిల్లలు సగం సంచీ బళ్ళోకి పట్టుకెళ్ళి పంచేశారు.

నువ్వడిగిన విషయం కనుక్కున్నాను. రోడ్డు మా సంస్థదే. కానీ మా సంస్థ అంటే ఆరొందల మంది. కెర్మే-సూ రోడ్డు వేరే విభాగం చూస్తోంది. అక్కడ నాకు చెప్పుకోదగ్గ పరిచయాలు లేవు. పై నుంచి మంజూరైన పని. మార్చడం చాలా కష్టం.

ఒక్కటి ఆలోచించు. ఆ రోడ్డు ఎవరికోసం? రెండేళ్ళ కింద చలికాలంలో బాత్మా కాన్పు కష్టమైతే గుర్రం మీద పడుకోబెట్టి కనుమ దాటిస్తూ తీసుకెళ్ళారు. దారిలోనే పోయింది. రోడ్డుంటే కారులో రెండు గంటల్లో ఆస్పత్రికి చేరేది. ఇది నువ్వే నాకు ఉత్తరంలో రాశావు. ఏడుస్తూ రాశావు, సిరా అలుక్కుపోయింది.

రాళ్ళు మన కొండల్లో ఎక్కడ లేవు? ఈ గొడవలోకి నువ్వు దిగొద్దు. నీ మోకాలు చూపించుకో.

తమ్ముడు
సుయున్


కెర్మే-సూ
జూన్ 24

ఇంజనీరు సుయున్‌బెక్ కాదిరోవ్ గారికి,

మీ ఉత్తరం అందింది. బాత్మాను గుర్రం మీదికి ఎత్తింది నేను. దారిలో ఆమె చెయ్యి చల్లబడిపోతుంటే పట్టుకుని నడిచింది నేను. ఆమె పేరు నాకు గుర్తుచేసే పని మీకక్కర్లేదు. రోడ్డు వద్దని నేనెప్పుడన్నాను? రోడ్డు రావాలి. అమ్మ రాళ్ళు పిండి చేసి దాని మీద పరుస్తామంటేనే వద్దంటున్నాను.

మొన్న గెన్నాది మా గుడారానికి వచ్చాడు. కుమీస్ మూడు గిన్నెలు తాగాడు. పులిసిన గుర్రం పాలు కదా, అలవాటు లేనివాడికి తొందరగా ఎక్కుతుంది. నాలుగో గిన్నె పోస్తూ అడిగాను.

“ఈ రాళ్ళే కావాలని ఎవరు తేల్చారు బాబూ?”

“మీ వాడేగా! కాదిరోవ్ గారు. మీ లోయ మనిషట, ఇక్కడి అంగుళం అంగుళం తెలుసట. అందుకే ఆయన మాట మీద మళ్ళీ ఎవరూ వచ్చి చూడలేదు.”

సంచీలోంచి కాగితం తీసి చూపించాడు. పెద్ద పట్టిక. పదకొండో ప్రశ్న: “స్థలంలో పాత సమాధులు, చెక్కడాలు, పురాతన గుర్తులు ఉన్నాయా?” దానికెదురుగా “లేవు.” కింద సంతకం. తోక పైకెత్తి పరిగెత్తే గుర్రం లాంటి ఆ సంతకం నాకు తెలియదా? అక్షరాలు దిద్దించిన దాన్ని నేను.

వేరే విభాగం అన్నారు. పరిచయాలు లేవన్నారు.

ఈ ఉత్తరంతో ఒక గుడ్డముక్క పంపుతున్నాను. తెల్లగుడ్డ తడిపి రాతికి అంటించి, మసి మూటతో అద్దాను. చెక్కిన చోట తెల్లగా ఉంటుంది, మిగతాదంతా నల్లగా వస్తుంది. కొమ్ములు వీపు దాకా వంగిన కొండమేక కనిపిస్తోందా? దాని కాళ్ళ మధ్య ఏముందో చదవండి. “సుయున్, 1946.” మేకు పట్టుకుని మీరే గోకారు. పన్నెండేళ్ళు అప్పుడు. అమ్మ ఆ రోజు మీ వీపు వాయించింది, నేను అడ్డం పడ్డాను. ఇవాళైతే అడ్డం పడను.

పదకొండో ప్రశ్నకి జవాబు రాసేటప్పుడు మీ పేరు మీకు గుర్తు రాలేదా?

జూరకన్


ఫ్రూంజే
జూలై 3

అక్కా,

ఆఫీసు చిరునామాకి రాయొద్దు. కవర్లు విప్పి చూస్తారు. ఆ గుడ్డ ఎవరైనా చూసి ఉంటే నా సంగతేమిటి?

నీకు తెలియని విషయాలు చాలా ఉన్నాయి. పథకం, గడువు, పై అధికారులు, వీటన్నిటి మధ్య మనిషి ఒక్కోసారి ఒక చిన్న మాట రాసేస్తాడు. ఏడు తరగతులు చదివి, గొర్రెల మధ్య బతికినదానివి, నీకివి అర్థం కావు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు.

మీ సామూహిక క్షేత్రం అధ్యక్షుడు ఒమూర్‌కుల్ మాకు ఫోను చేశాడు. ఎవరో ఆడవాళ్ళని కూడగడుతున్నావట. ఆపెయ్యి. మన ఇద్దరికీ మంచిది కాదు.

సుయున్‌బెక్


కెర్మే-సూ
జూలై 14

సుయున్‌బెక్,

నా ఏడు తరగతుల చదువు ఎనిమిది వందల పన్నెండు దాకా లెక్కపెట్టడానికి సరిపోయింది. మెట్ట మీద చెక్కడాలున్న రాళ్ళు అన్ని ఉన్నాయి. కొండమేకలున్నవి, వేటగాళ్ళున్నవి, బండి లాగే ఎద్దులున్నవి, చేతులు పట్టుకుని ఆడే మనుషులున్నవి. ఒక్కో రాతి పేరూ, ఉన్న చోటూ నోటుబుక్కులో రాశాను. మూడు పుస్తకాలయ్యాయి. గుడ్డలు చాలకపోతే కాలీచా అత్త తన మంచం దుప్పటి చింపి ఇచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, “చచ్చాక నాకు దుప్పటెందుకే, ఇప్పుడే చింపు” అంది.

అది రాసి కూర్చోలేదు. ఏడు గుడారాలు ఎత్తి తెచ్చి రాళ్ళ మధ్య వేశాం. పదకొండు మంది ఆడవాళ్ళం. గొర్రెలు పైనా, మేము ఇక్కడా.

మర్నాడే ఒమూర్‌కుల్ గుర్రమేసుకుని వచ్చాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు కదా, కోపంలోనూ అక్కా అనే పిలుస్తాడు.

“జూరకనక్కా, గుడారాలు దించండి.”

“ఇక్కడ మేత బాగుంది ఒమూర్‌కుల్.”

“రాళ్ళ మీద మేతేమిటక్కా?”

“మా గొర్రెలకి పళ్ళు గట్టివి.”

ఆడవాళ్ళు నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. “మూడు పతకాలు తీసుకున్న కాపరివి. నీకిది తగునా? రేపు పై వాళ్ళకి ఏం చెప్పను?”

“పతకాలు నాకెందుకిచ్చారో నాకూ తెలీదు. ఈనినవి గొర్రెలు. పై వాళ్ళకి ఇదే చెప్పు: నదికి అవతలి ఒడ్డున, నాలుగు కిలోమీటర్ల పైన, ఒట్టి బండలున్నాయి. ఒక్క గీత కూడా లేని బండలు. వాటిని పిండి చేసుకోమను, మేమే మోసిపెడతాం.”

“వంతెన కట్టాలి దానికి! ఎవరు కడతారు?”

“రోడ్డు వేసేవాళ్ళకి వంతెన కట్టడం రాదా?”

గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, ఇలాంటి మొండితనం మీ ఇంట్లో నీ ఒక్కదానికే వచ్చింది, తమ్ముడు బుద్ధిమంతుడు, అన్నాడు. ఆ మెప్పు నీకు చేరవేస్తున్నాను. దాచుకో.

జూరకన్


ఫ్రూంజే
జూలై 27

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడూ చింపేశాను. వాటిలో తప్పంతా ఎవరెవరి మీదికో నెట్టేశాను.

ఆ పట్టిక నా ముందుకి మార్చిలో వచ్చింది. పదకొండో ప్రశ్న దగ్గర “ఉన్నాయి” అని రాస్తే పథకం ఆరునెలలు ఆగుతుంది, మ్యూజియం వాళ్ళని పిలవాలి. మా చీఫ్ ఇంజనీరు నా కుర్చీ వెనకాల నిలబడి, “నీకు తెలిసిన లోయే కదా, తొందరగా కానివ్వు” అన్నాడు. ఆ గదిలో ఉన్న ఏడుగురిలో గుడారంలో పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. పైకి అనకపోయినా చూపుల్లో వాళ్ళు దాన్ని మర్చిపోరు. “మా ఊళ్ళో బొమ్మల రాళ్ళున్నాయండి, మా అమ్మ వాటికి వెన్న రాసేది” అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. అంతే అక్కా. భయం కాదు, ఒత్తిడీ కాదు. సిగ్గు. ఆ సిగ్గుకి నాలుగు నెలల తర్వాత అధికారుల పేర్లు పెట్టి నీకు రాశాను.

నీ చదువు గురించి రాసిన మాటకి క్షమాపణ అడగను. అడిగితే నువ్వు క్షమించాల్సి వస్తుంది.

నువ్వు పంపిన గుడ్డ తీసుకుని మ్యూజియంలో లిదియా ఆర్సెన్యెవ్నా అనే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా ఇదే పని ఆవిడకి. గుడ్డ బల్ల మీద పరిచి, అద్దాలు తీసి, ముఖం దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఇంత శుభ్రంగా ఎవరు తీశారు?”

“మా అక్క.”

“ఏం చదువుకుంది?”

“చాలా చదువుకుంది” అన్నాను.

“మరి ఈ సుయున్ ఎవడు? ఈ గాడిద పేరు మేక కాళ్ళ మధ్య ఎందుకుంది?”

తెలియదన్నాను. ఇక్కడ కూడా అబద్ధమే ఆడాను. నోటికి ఎంత అలవాటైపోయిందో చూడు.

ఆవిడ రావడానికి కాగితాలు కావాలి, నెలరోజులు పడుతుంది. పేలుడు ఆగస్టు ఐదు తర్వాత ఎప్పుడైనా ఉండొచ్చు. నేను ఇక్కడ ఏదో ఒకటి చేస్తాను. మీరు మాత్రం అప్పటికి దిగిపోండి. మనుషులకేమైనా అయితే నేను బతకలేను.

సుయున్


కెర్మే-సూ
ఆగస్టు 9

సుయున్,

ఏదో ఒకటి చేస్తానని రాశావు. నువ్వు చేసేలోగా ఇక్కడ జరిగింది విను.

ఆరో తేదీన ఒమూర్‌కుల్ కబురు పెట్టాడు. ఉన్ని తూకం ఉంది, కాపరులంతా సంతకాలు పెట్టాలి, కిందికి రావాలి అని. ఉన్ని తూకమంటే నమ్మాం. నమ్మడం నాదే తప్పు. కాలీచా అత్తనొక్కదాన్నీ ఉంచి పదిమందిమీ దిగాం. తూకమూ లేదు, కాటా కూడా లేదు. గడియారం చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వినపడింది. కిటికీ అద్దాలు అదిరాయి. అతను నా వైపు చూడలేదు.

మేము పైకి వచ్చేసరికి నది వైపు అంచంతా లేదు. ముప్ఫై ఒక్క రాళ్ళు. సూర్యుడి తలకాయ మనిషి లేడు. ఆ చోట పచ్చిగా తెల్లటి మట్టి. రాళ్ళ ముక్కలు నది దాకా పడి ఉన్నాయి, మసి వాసన. కాలీచా అత్త పై గుడారం ముందు నిలబడి తిడుతూనే ఉంది, ఆమె గొంతు పోయింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

నేను ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళు చూస్తారని కాదు, ఏడుపే రాలేదు. ఒక ముక్క తీసి చూశాను. దాని మీద చెక్కిన వేలు, ఒకే ఒక వేలు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు పై వరసకి వచ్చేసరికి మేము ముందే కూర్చుని ఉన్నాం. పేలుడు మందు పెట్టడానికి తొలిచిన రంధ్రాలు పదకొండు. మేము పదకొండుమంది. ఎంత సరిగ్గా సరిపోయాయో! కాలీచా అత్త ఒక రంధ్రం మీద తివాచీ పరుచుకుని కదురు తిప్పుతూ కూర్చుంది.

వాళ్ళ ఫోర్‌మన్ తాలాయ్ అరవడం మొదలుపెట్టాడు. “లేవండి! లేస్తారా లేదా? ఇసాకున్, మందు పెట్టు! పెడితే వాళ్ళే లేస్తారు!”

ఇసాకున్ వాళ్ళ పేలుడు మేస్త్రీ. తెల్ల మీసాలవాడు, ఒక చెవి వినపడదు. కదల్లేదు.

“వినపడిందా? మందు పెట్టమన్నాను!”

“వినపడింది. నీ వైపు చెవి మంచిదే.” పెట్టె కింద పెట్టాడు. “నేను యుద్ధంలో బెర్లిన్ దాకా మందుపాతరలు తీసేస్తూ వెళ్ళిన మనిషిని. ముసలమ్మ కింద మందు పెట్టడం నాకెవరూ నేర్పలేదు.”

“నీ పెన్షన్ పోతుంది!”

“పోనీ.”

“నిన్న పేల్చావుగా!”

“నిన్న నాకు ఒట్టి రాళ్ళని చెప్పారు. పేలాక దగ్గరికెళ్ళి చూశాను.” పెట్టె మీద కూర్చుని నా వైపు తిరిగాడు. “అక్కయ్యా, కుమీస్ ఉంటే కాస్త పోయించండి. గొంతెండిపోయింది.”

పోశాను. తాలాయ్ గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. కొత్త మేస్త్రీని తెస్తానని చెప్పి వెళ్ళాడు. ఎప్పుడొస్తాడో తెలియదు. మేము లేవలేదు. భోజనానికి వంతులు వేసుకున్నాం, లేచిన రంధ్రం మీద ఇంకొకరు కూర్చున్నాకే లేస్తున్నాం.

దిగిపొమ్మని రాశావు. మమ్మల్ని దించాల్సిన పని లేకుండా నువ్వు ఒక్క మాట మార్చి రాయి. రెండు అక్షరాల అబద్ధం ముప్ఫై ఒక్క రాళ్ళని తినేసింది. ఇంకా ఏడువందల ఎనభై ఒకటి ఉన్నాయి.

అక్క


ఫ్రూంజే
ఆగస్టు 20

అక్కా,

నీ ఉత్తరం పదహారున అందింది. చదివి లేచి, గుడ్డ తీసుకుని తిన్నగా చీఫ్ గదికి వెళ్ళాను. లోపల మీటింగు జరుగుతోంది, తొమ్మిదిమంది ఉన్నారు. మ్యాపు మీద గుడ్డ పరిచాను.

“ఏమిటిది?”

“కెర్మే-సూ క్వారీ స్థలం. పదకొండో ప్రశ్నకి జవాబు.”

“లేవని రాశావుగా.”

“అబద్ధం రాశాను.”

“పొరపాటున రాశానను” అన్నాడు. నన్ను కాపాడదామనే అన్నాడు, అది నిజం. “సమాచారం అందలేదు అని రాసిస్తే చాలు. సర్దేద్దాం.”

“ఇది చదవండి. ఈ పేరు నాది. నేనే చెక్కాను. ముప్ఫై ఏళ్ళ కిందటినుంచి తెలిసిన సంగతిని సమాచారం అందలేదని ఎలా రాయను?”

ఒకాయన గుడ్డ మీదికి వంగి, “ఇది మేకా, జింకా?” అని అడిగాడు. “కొండమేక. మా అమ్మ దీనికి వెన్న రాసేది” అన్నాను. చెప్పేశాక చూస్తే అందులో సిగ్గుపడాల్సినదేమీ లేదు.

రాతపూర్వకంగా నాలుగు ప్రతులిచ్చాను. ఒకటి మ్యూజియానికి, అక్కడ ఆ గాడిదను నేనేనని కూడా ఒప్పుకున్నాను. లిదియా ఆర్సెన్యెవ్నా అద్దాల మీదుగా చూసి, “ఎదిగావన్నమాట” అంది. పని ఆపమని పద్దెనిమిదిన తంతి వెళ్ళింది. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆవిడ సెప్టెంబరులో మీ దగ్గరికి వస్తుంది. నీ మూడు నోటుబుక్కులు జాగ్రత్త.

అవతలి ఒడ్డు బండల గురించి నువ్వు చెప్పింది నిజమే. మూడు రోజులు కూర్చుని ఆ దారీ, వంతెనా గీసిచ్చాను. తీసుకున్నారు. రోడ్డు ఏడాది ఆలస్యమవుతుంది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. మూడో రోజు నా భార్య, “మార్చిలోనే చెప్పుంటే ఉద్యోగమూ ఉండేది, ఆ రాళ్ళూ ఉండేవి” అంది. ఆమె అన్నది నిజమే.

సూర్యుడి తలకాయ మనిషి ఉంటే అదే అనేవాడు.

సుయున్


కెర్మే-సూ
సెప్టెంబరు 30

తమ్ముడూ,

తంతి వచ్చేదాకా మేము రంధ్రాల మీదే కూర్చున్నాం, తాలాయ్‌కి కొత్త మేస్త్రీ దొరకనేలేదు. పెద్దావిడ వచ్చి పన్నెండు రోజులుంది. కురుత్ కొరకలేక పన్ను విరగ్గొట్టుకుంది, అయినా మానలేదు. నా లెక్కలో రెండు రాళ్ళు తప్పిపోయాయట, అంటే ఏడువందల ఎనభై మూడు. ముక్కలైన వాటిని కూడా గోనెసంచుల్లో పోగేయించింది. మెట్ట చుట్టూ కంబాలు పాతి, ప్రభుత్వం వారి రేకు బోర్డు పెట్టించింది. ముట్టుకుంటే శిక్ష అని ఉంది. కాలీచా అత్త దాన్ని చదివించుకుని, “మరి వెన్న రాస్తే?” అని అడిగింది. పెద్దావిడ, “నేను అటు తిరిగి నిలబడతాను” అంది.

మా అధ్యక్షుడు ఊరుకుంటాడా? నా మందని వేరేవాళ్ళకిచ్చి, నన్ను పాలు పితికే షెడ్డుకి మార్చాడు. ఒక కాగితం కూడా పంపాడు. “తప్పుదారి పట్టి క్రమశిక్షణ మీరాను” అని నేను సంతకం పెడితే మంద తిరిగి ఇస్తారట. కాగితం తెచ్చినవాడితో, తప్పుదారి అన్న మాట కొట్టేసి తెమ్మన్నాను. కొట్టేసి తెచ్చాడు. క్రమశిక్షణ అన్న మాటా కొట్టెయ్యమన్నాను. మూడోసారి వచ్చేసరికి కాగితం మీద తేదీ ఒక్కటే మిగిలింది. సంతకం పెట్టలేదు. ఆవులు కూడా మంచివే.

నవ్వురాని సంగతి ఒకటి ఉంది. బాత్మా మొగుడు ఎసెన్‌తూర్ షెడ్డుకి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“రాళ్ళు దక్కించుకున్నావు వదినా. సంతోషం. ఈ ఏడాదిలో ఇంకో ఆడది కనుమ మీద చస్తే దానికి ఏం చెబుతావు? మా చెల్లెలికి ఆరో నెల.”

పితికే ఆవు పక్కనుంచి లేచి నిలబడ్డాను. “చావనివ్వం” అన్నాను.

“మాటలు.”

“మాటలు కాదు. కనుమ దారి మూసుకుపోయేది మంచుతోనే కదా? ఈ చలికాలం మూసుకుపోదు. అంతే.”

ఆ సాయంత్రమే అందర్నీ పిలిచాను. కనుమ దాకా దారిని పదమూడు ముక్కలు చేసి, మేము పదకొండు పంచుకున్నాం. మంచు పడ్డప్పుడల్లా ఎవరి ముక్క వాళ్ళు తవ్వాలి. పైన మలుపులో మంచు మీద జారే బళ్ళు రెండు, గుర్రాలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఇసాకున్ పెన్షన్ నిజంగానే ఆపేశారు, ఇక్కడే ఉండిపోయాడు. మంచుపెళ్ళలు విరిగిపడే చోటు అతను ముందే చూసి, మందుతో కిందికి దించేస్తానంటున్నాడు. రోడ్డు వచ్చేదాకా ఇదే రోడ్డు. ఎసెన్‌తూర్ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడు. కానీ నిన్న వచ్చి, అడక్కుండానే పన్నెండో ముక్క తనదన్నాడు.

పదమూడోది మిగిలిపోయింది. కనుమకి కాస్త ఇవతల, గాలి తిన్నగా ముఖానికి కొట్టే చోటు. ఎవరికీ ఇష్టం లేదు. ఉద్యోగం లేని ఇంజనీరు ఒకడున్నాడు, ఇక్కడి అంగుళం అంగుళం తెలుసని చెప్పుకునేవాడు, అతనికి పెట్టండి అన్నాను.

నీ భార్యనీ పిల్లల్నీ ఒప్పించి రా. మొదటి మంచు అక్టోబరు ఇరవైకి పడుతుంది. పార నువ్వే తెచ్చుకో. ఇక్కడున్నవన్నీ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

అక్క
జూరకన్